క్లైమేట్ రిసెర్చ్ బిల్లును వెనక పేజీ నుంచి చదవండి

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంది: "సభలో క్లైమేట్ ఛేంజ్ బిల్లు పెట్టారు!" కింద చప్పట్లు, దండాల బొమ్మలు. మూడు నెలలు పోయాక ఆ బిల్లు ఏమైందని అడిగితే ఫార్వర్డ్ చేసినవాళ్లకే గుర్తుండదు. నేనూ దండం బొమ్మ పెట్టినదాన్నే. తర్వాత ఒకసారి కుదురుగా కూర్చుని అలాంటి బిల్లొకటి మొదటి పేజీ నుంచి చదవబోయి, నిర్వచనాల దగ్గరే నిద్రపోయాను. అప్పటి నుంచి చదివే తీరు మార్చుకున్నాను, అదే ఇక్కడ చెప్తున్నా. లాయర్లకి కాదు ఇది, మీలాంటి నాలాంటివాళ్లకి.

ముందు ఒక సంగతి. మన దేశంలో వాతావరణ మార్పు మీద విడిగా ఒక చట్టమంటూ లేదు. 2024 మార్చిలో బట్టమేక పిట్టని కరెంటు తీగల నుంచి కాపాడాలన్న కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే రాసింది, దాంతోపాటు వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు పౌరులకుందని చెప్పింది. కాబట్టి మీ చేతికొచ్చే క్లైమేట్ బిల్లు చాలాసార్లు ప్రైవేటు మెంబరు బిల్లే అయ్యుంటుంది, అంటే మంత్రి కాని ఎంపీ తెచ్చినది. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటివి చట్టాలైంది 14 మాత్రమే, ఆఖరిది 1970లో. "బిల్లు పెట్టారు" అన్న మాటకీ "చట్టం వచ్చింది" అన్న మాటకీ మధ్య ఎంత దూరముందో ఈ లెక్కే చెప్తుంది.

మరి చదవడం దేనికంటారా? అందులో రాసిన మాటలు తర్వాత వేరే చోట తేలతాయి. ట్రాన్స్‌జెండర్ హక్కుల మీద డీఎంకే ఎంపీ తిరుచ్చి శివ తెచ్చిన ప్రైవేటు బిల్లు 2015లో రాజ్యసభలో నెగ్గింది, అక్కడితో ఆగిపోయింది, కానీ ప్రభుత్వం సొంత బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసింది. ఆ చట్టంలో శివ బిల్లులోవి ఎన్ని మిగిలాయన్నది వేరే గొడవ. చెప్పొచ్చేదేంటంటే మొదటి ముసాయిదాలో మాటలు గట్టిగా లేకపోతే, తర్వాత వచ్చేది ఇంకా పల్చబడుతుంది.

వెనక నుంచి ఎందుకు

పార్లమెంటు బిల్లులో క్లాజులన్నీ, అంటే నంబర్లు వేసిన నిబంధనలన్నీ, అయిపోయాక ఉద్దేశాలు, కారణాల ప్రకటన ఉంటుంది. పేజీ, పేజీన్నర. దాని కింద బిల్లు తెచ్చినవాళ్ల పేరు, తేదీ. అక్కడ మంత్రి పేరుంటే ఒక కథ, ఎంపీ పేరుంటే ఇంకో కథ, అది పది సెకన్లలో తేలిపోతుంది. ఈ ప్రకటనలో ధ్రువాల మంచు, పారిస్ ఒప్పందం, రాబోయే తరాలు అన్నీ ఉంటాయి, బాగానే ఉంటుంది, కానీ కోర్టులో నిలబడేది క్లాజులే. ఇక్కడ చెప్పిన ప్రతి బాధకీ లోపల ఒక క్లాజు ఉందా లేదా అన్నది పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. "తీర ప్రాంత మత్స్యకారుల దుస్థితి" అని వెనక రాసి, లోపల మత్స్యకారుడనే మాటే లేని ముసాయిదా కనపడితే ఆశ్చర్యపోకండి.

దాని తర్వాత ఫైనాన్షియల్ మెమొరాండం, అంటే బిల్లుకి అయ్యే ఖర్చు చెప్పే కాగితం. ఖర్చుతో పనున్న బిల్లుకి ఇది తప్పనిసరి. నేనైతే ముందు దీన్నే చూస్తా. ఏటా ఇంత, మొదట్లో ఒకేసారి ఇంత అని అంకె వేశారా, లేక "ఎంతవుతుందో ఈ దశలో అంచనా వేయలేం" అని రాసి వదిలేశారా? రిసెర్చ్ అంటే ఊరికే అవదు, తీరం వెంబడి అలల ఎత్తు కొలిచే తేలే పరికరం (బోయ్) ఒక్కటి నీళ్లలో ఉండాలన్నా దానికి మనిషి, పడవ, బ్యాటరీ కావాలి. పైగా రాజ్యాంగం 117(3) అధికరణ ప్రకారం, కేంద్ర సంఘటిత నిధి (కేంద్రం ఖజానా) నుంచి ఖర్చయ్యే బిల్లుని రాష్ట్రపతి సిఫార్సు లేకుండా సభ ఆమోదించకూడదు. ఆ సిఫార్సు ప్రభుత్వం సలహా మీదే వస్తుంది, ప్రైవేటు బిల్లులు చిక్కుకునే చోట్లలో ఇదొకటి.

ఈ రెండూ చూశాక ముందుకెళ్లండి.

నాలుగు ప్రశ్నలు, ఒక పాత అమెరికా చట్టం

ఏ క్లైమేట్ రిసెర్చ్ బిల్లునైనా నాలుగే అడగండి. ఎవరు చేయాలి? ఎప్పటిలోగా? ఏ డబ్బుతో? చేయకపోతే ఏంటి?

దీనికి మంచి ఉదాహరణ మన దగ్గర లేదు కాబట్టి అమెరికాది తీసుకుందాం. 1990 నవంబరు 16న పెద్ద బుష్ సంతకం పెట్టిన గ్లోబల్ ఛేంజ్ రిసెర్చ్ యాక్ట్. సెనేటర్ ఎర్నెస్ట్ హోలింగ్స్ తెచ్చిన బిల్లు అది, చిన్న చట్టమే, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, ఒక సాయంత్రం కూర్చుంటే చదివేయొచ్చు. అందులో 106వ సెక్షన్ చూడండి. కనీసం నాలుగేళ్లకి ఒకసారైనా, వాతావరణ, పర్యావరణ మార్పుల మీద శాస్త్రీయ అంచనా తయారుచేసి అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కీ ఇవ్వాలి. వ్యవసాయం, ఇంధన శక్తి, నేల, నీళ్లు, రవాణా, జనం ఆరోగ్యం, జీవవైవిధ్యం ఇవన్నీ పేరుపేరునా రాశారు. రాబోయే 25 నుంచి 100 ఏళ్ల ధోరణులు కూడా చెప్పాలన్నారు. తెలియనివి ఏమిటో, ఎక్కడ అనుమానం ఉందో అది కూడా రాయాలన్నారు, నాకు బాగా నచ్చింది ఆ ముక్క.

ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "షల్". ఇంగ్లీషు చట్టంలో షల్ అంటే చేసి తీరాలి. "మే" అంటే చేయొచ్చు, మానొచ్చు. మన బిల్లులూ ఇంగ్లీషులోనే దొరుకుతాయి కాబట్టి పీడీఎఫ్ తెరవగానే ఈ రెండు మాటలూ వెతికి, ఏ పనికి ఏది తగిలించారో చూడండి. కమిటీ వేయడానికి షల్, ఆ కమిటీ రిపోర్టు బయటపెట్టడానికి మే అని ఉంటే గాల్లో దీపం పెట్టినట్టే.

షల్ ఉంటే సరిపోతుందా? పోదు, అమెరికా వాళ్ల అనుభవమే చూడండి. నాలుగేళ్లకోసారి అన్న చట్టం 1990లో వస్తే మొదటి జాతీయ అంచనా బయటికొచ్చింది 2000లో. తర్వాతది టైముకి రాలేదు. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్లాయి, 2007లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ప్రభుత్వం గడువు తప్పిందని తేల్చి కొత్త గడువు పెట్టింది, 2008 మే నెలలో అంచనా వచ్చింది. చట్టంలో "నాలుగేళ్లు" అన్న అంకె లేకపోతే ఆ జడ్జి దేన్ని పట్టుకుని తీర్పిచ్చేవారు? "ఎప్పటికప్పుడు" అని రాసి ఉంటే వాదించడానికే ఏమీ ఉండేది కాదు. తర్వాత 2009, 2014, 2018, 2023లో వచ్చాయి. 2018లో ముఖ్యమైన భాగాన్ని థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, జనమంతా షాపింగులో ఉండే శుక్రవారం నాడు విడుదల చేశారు. చట్టం రిపోర్టివ్వమంది, ఏ రోజు ఇవ్వాలో చెప్పలేదు కదా.

2025 ఏప్రిల్‌లో ఆరో అంచనా రాస్తున్న దాదాపు 400 మందిని ఇక మీ సేవలు చాలన్నారు. ఆ తర్వాత రెండు నెలలకి పాత అంచనాలున్న ప్రభుత్వ వెబ్‌సైటు కూడా మాయమైంది. చట్టం మాత్రం రద్దు కాలేదు. అందుకే నాలుగో ప్రశ్న, చేయకపోతే ఏంటి? ఆ చట్టంలో దానికి సూటి జవాబు లేదు. మీరు చదివే బిల్లులో కూడా ఇదే వెతకండి: గడువు తప్పితే మంత్రి సభకి కారణం చెప్పాలని ఉందా, రిపోర్టు పబ్లిక్‌గా ఎన్నాళ్లు అందుబాటులో ఉండాలో ఉందా, రాసే సైంటిస్టులని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు.

అదే చట్టంలో ఇంకో క్లాజుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ రిసెర్చ్ జరుగుతోంది కదా అన్న సాకుతో వాతావరణ మార్పుని ఎదుర్కొనే ప్రభుత్వ చర్యలేవీ ఆపడానికి గానీ ఆలస్యం చేయడానికి గానీ వీల్లేదని అందులో ఉంది. ఎందుకు పెట్టారో ఆలోచిస్తే తెలుస్తుంది. "ముందు స్టడీ చేద్దాం, తర్వాత చూద్దాం" అన్నది మన ఆఫీసుల్లోనూ పాత పాటే. కమిటీ వేశామంటే ఇంకో మూడేళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. పరిశోధన బిల్లులో అలాంటి క్లాజు లేకపోతే, అడగాల్సిన మొదటి సవరణ అదే అని నా అభిప్రాయం.

డబ్బు సంగతిలో అమెరికా బిల్లులకి ఒక మెలిక ఉంది. బిల్లులో ఇన్ని మిలియన్లు "ఆథరైజ్" చేశామని కనిపిస్తే అది ఖర్చుపెట్టుకోవడానికి అనుమతి మాత్రమే. నిజంగా డబ్బు చేతికి రావాలంటే విడిగా ఏటా అప్రోప్రియేషన్స్ బిల్లులో ఉండాలి. ఇది తెలీక సంబరపడిపోయేవాళ్లు చాలామంది.

అంచనాల సంగతిలో మన దగ్గర పరిస్థితి అమెరికాకి తిరగేసినట్టు ఉంటుంది. 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ భారత ప్రాంతపు వాతావరణ మార్పు అంచనా ప్రచురించింది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ (ఐఐటీఎం) సైంటిస్టులు ముందుండి రాసినది. 1901 నుంచి 2018 వరకు దేశంలో సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందనీ, 1951 నుంచి 2015 మధ్య నైరుతి వానలు 6 శాతం దాకా తగ్గాయనీ అందులో ఉంది. మంచి పుస్తకం. కానీ దాన్ని రాయమని ఏ చట్టమూ చెప్పలేదు, మళ్లీ ఎప్పుడు రాయాలో కూడా ఏ చట్టమూ చెప్పదు. వాళ్ల దగ్గర చట్టం ఉండి పని ఆగింది, మన దగ్గర పని జరిగినా దానికి గడువు లేదు.

నిర్వచనాల దగ్గర నిద్రపోకండి

నాకు నిద్రొచ్చిన చోటే అసలు సరుకుందని తర్వాత తెలిసింది. ఎండ సంగతే తీసుకోండి. 2015 మే నెలలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారు. అయినా కేంద్రం విపత్తుల సహాయ నిధికి నోటిఫై చేసిన జాబితాలో తుఫాను, కరువు, భూకంపం, వరద, సునామీ, వడగళ్లు, చీడపీడలు, ఆఖరికి చలిగాలులు కూడా ఉన్నాయి, 2025 నాటికి వడగాలులు లేవు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ తనంతట తాను వడగాలులని రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల పరిహారం అంది. జాబితాలో ఒక మాట ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఆ 4 లక్షలు.

అందుకే "ప్రభావం" అంటే ఏంటని బిల్లు చెప్తోందో చూడండి. తుఫానులాగా ఒక్కరోజులో వచ్చేవేనా, మెల్లగా జరిగేవి కూడానా? కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లని, రోడ్డుని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కోసుకుపోతోంది, దానికి టీవీలో చూపించే పేరున్న తుఫాను ఏదీ ఉండక్కర్లేదు. బోర్లలో ఉప్పునీళ్లు ఎక్కడం, పంట కోతప్పుడు కాలం కాని కాలంలో వాన, ఉపాధి హామీ పనిలో ఎండ వల్ల పోయిన పూటలు, ఇవి నిర్వచనంలో ఉన్నాయా? మీ ఊరి కష్టం ఒకటి తీసుకుని, ఈ నిర్వచనం కిందికి అది వస్తుందో రాదో మీకు మీరే వాదించి చూడండి. రాకపోతే, మీరు పంపాల్సిన అభిప్రాయం దొరికేసినట్టే.

అభిప్రాయం రాయడం

నా మొదటి ఉత్తరం మూడు పేజీలు. భూమాత, పిల్లల భవిష్యత్తు, మా తాతగారి మామిడితోట. ఒక ప్రజాప్రతినిధి ఆఫీసుకి పంపాను, అందిందన్న మాట కూడా రాలేదు. ఇప్పుడు నాకే అర్థమవుతోంది, ఆ ఉత్తరంతో వాళ్లు చేయగలిగింది ఏముంది?

చేయగలిగేలా రాయాలి. ఒక క్లాజు నేనే అల్లి చూపిస్తా. బిల్లులో ఇలా ఉందనుకోండి: "కేంద్ర ప్రభుత్వం ఎప్పటికప్పుడు తీర ప్రాంతాలపై వాతావరణ మార్పు ప్రభావాన్ని అధ్యయనం చేయించవచ్చు." దీని మీద "తీర ప్రాంతాలకి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి" అని రాస్తే చదివి పక్కన పెడతారు. ఇలా రాయండి: ఫలానా క్లాజులో "ఎప్పటికప్పుడు" బదులు "ప్రతి మూడేళ్లకి ఒకసారి", "చేయించవచ్చు" బదులు "చేయించవలెను" అని మార్చాలి, చివర "ఆ నివేదికను జిల్లాల వారీ వివరాలతో పూర్తయిన 60 రోజుల్లోగా పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచి, రాష్ట్ర భాషల్లో ప్రచురించవలెను" అని చేర్చాలి. కారణం: రెండే వాక్యాలు, మీరు కళ్లతో చూసినది ఒకటి, అంకె ఒకటి. తీరం కోత మీద జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు కొలిచి, దేశ తీరరేఖలో 33.6 శాతం కోతకి గురవుతోందని చెప్పింది, అలాంటి అంకె ఒక్కటుంటే చాలు. ఐదు క్లాజుల మీద రాయడం కన్నా ఒక్క క్లాజు మీద ఇలా రాయడం మేలు.

ఎక్కడికి పంపాలన్నది బిల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి. ప్రభుత్వ ముసాయిదా అయితే, 2014 ఫిబ్రవరిలో కేంద్రం పెట్టుకున్న విధానం ప్రకారం కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి, ఆ శాఖ వెబ్‌సైట్‌లో మెయిల్ ఐడీ ఇస్తారు. అది విధానమే, చట్టం కాదు, కాబట్టి ప్రతిసారీ జరుగుతుందని నమ్మకం పెట్టుకోకండి. సభలో పెట్టాక స్థాయీ సంఘానికి, అంటే ఆ శాఖ పనుల్ని పరిశీలించే ఎంపీల కమిటీకి, వెళ్తే అక్కడ ఇంకో అవకాశం. శాస్త్ర సాంకేతిక, పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పు స్థాయీ సంఘం రాజ్యసభ కింద పనిచేస్తుంది, 31 మంది సభ్యులు. అభిప్రాయాలు కోరుతూ పేపర్లో ప్రకటన ఇస్తారు, గడువు తక్కువే ఉంటుంది, మామూలుగా ఇంగ్లీషులోనో హిందీలోనో అడుగుతారు. కమిటీకి పంపిన కాగితం వాళ్ల రికార్డు అవుతుంది, రహస్యంగా ఉంచాలంటారు, కాబట్టి పంపిన మరుక్షణం ఫేస్‌బుక్‌లో పెట్టేయకండి. నేరుగా సాక్ష్యం చెప్పాలనుకుంటే ఆ మాట కూడా అందులోనే రాయాలి.

పంపితే మారిపోతుందా అంటే, 2023 అటవీ సంరక్షణ సవరణ బిల్లు గుర్తు తెచ్చుకోండి. స్థాయీ సంఘానికి కాకుండా ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు, ఎన్నో అభ్యంతరాలు వెళ్లాయి, కమిటీ ఒక్క మార్పూ సూచించకుండా తిప్పి పంపింది. కానీ అసమ్మతి నోట్లు ఆ రిపోర్టులోనే అచ్చయ్యాయి.

బిల్లు లేకపోయినా చేయగలిగేది

నిజం చెప్పాలంటే మామూలు మనిషికి బిల్లు కన్నా బాగా అక్కరకొచ్చేది పార్లమెంటు ప్రశ్న. లోక్‌సభలో రోజుకి 230 దాకా నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకి మంత్రులు రాతపూర్వకంగా జవాబిస్తారు, ఆ జవాబులన్నీ సంసద్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ముందు అక్కడ "కోస్టల్ ఎరోజన్", "హీట్ వేవ్" అని వెతకండి, మీరు అడగాలనుకున్నది ఈసరికే ఎవరో అడిగి ఉండొచ్చు. లేకపోతే మీ ఎంపీ ఆఫీసుకి ప్రశ్నని సిద్ధం చేసి ఇవ్వండి, వాళ్లు టైపు చేసుకునే పని లేకుండా. "ప్రభుత్వం ఏం చేస్తోంది" అని అడిగితే "పలు చర్యలు చేపట్టింది" అని వస్తుంది. "ఆంధ్రప్రదేశ్ తీర జిల్లాల్లో గత ఐదేళ్లలో ఎన్ని చోట్ల తీరం కోతని కొలిచారు, జిల్లాల వారీగా వివరాలు, ఖర్చు" అని అడిగితే అంకెలు వస్తాయి, లేదా అంకెలు లేవన్న సంగతి సభ రికార్డులోకి ఎక్కుతుంది, అదీ పనికొచ్చేదే. నా మూడు పేజీల ఉత్తరానికి పలకని ఆఫీసే, తర్వాత నేను పంపిన నాలుగు లైన్ల ప్రశ్నకి ఫోన్ చేసి ఇంకో వివరం అడిగింది.

ఎవరిని అడగాలో తెలుసుకోవడం కూడా సగం పని. సముద్రం సంగతైతే భూవిజ్ఞాన శాఖ, దాని కింది సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. మెట్ట పంటల మీద వాతావరణ ప్రభావమైతే వ్యవసాయ శాఖ, సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడానే 2011 నుంచి నిక్రా అనే జాతీయ పరిశోధన కార్యక్రమాన్ని నడిపిస్తోంది. రాష్ట్ర కార్యాచరణ ప్రణాళికల గురించైతే గచ్చిబౌలిలోని పర్యావరణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్ఐ. ఎంపీ దాకా ఎందుకనుకుంటే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆర్టీఐలో "ఎందుకు చేయలేదు" అని అడగకండి, "ఫలానా రిపోర్టు కాపీ ఇవ్వండి" అని అడగండి. ఉన్న కాగితం ఇవ్వడం వాళ్ల బాధ్యత, కారణాలు చెప్పడం కాదు. పెండింగులో ఉన్న బిల్లు మీదైతే లోక్‌సభకి పిటిషన్ కూడా వేయొచ్చు, దాని మీద ఒక ఎంపీ సంతకం ఉండాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. బిల్లు నంబరు లేకుండా ఆఫీసుకి ఫోన్ చేయకండి. కాంగ్రెస్ డాట్ గవ్‌లో నంబరు కొట్టి "యాక్షన్స్" చూడండి, చాలా బిల్లులు కమిటీకి పంపడంతోనే ఆగి ఉంటాయి. రెండేళ్ల కాంగ్రెస్ ముగిస్తే తేలనివన్నీ పోతాయి, మళ్లీ కొత్త నంబరుతో మొదలు. ఫోన్‌లో మీ జిప్ కోడ్, బిల్లు నంబరు, ఏం కావాలో ఒక్క వాక్యం, అంతే. పౌరసత్వం లేకపోయినా ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, ఫోన్ చేయొచ్చు.

ఇక తేదీలు. పార్లమెంటు ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఎంపీ ఆఫీసులో మీ కాగితం పైకి రావడానికి ఇంకో రెండు వారాలు వేసుకోండి. వానాకాల సమావేశాలు మామూలుగా జులైలో మొదలవుతాయి కాబట్టి జూన్ మొదటివారంలో, శీతాకాలం వాటికి అక్టోబరు ఆఖరుకల్లా ఇచ్చేయండి. సమావేశాల తేదీలు పేపర్లో వచ్చాక పరిగెత్తితే ఆలస్యమైపోతుంది, నాకు రెండుసార్లు అలాగే అయింది.